బాబాయిగారి పరుగు

కుళాయి నీళ్లు మనుషులకే సరిపోని ఆ కాలంలో విశాఖ పార్కులన్నీ పరుగుజట్ల భుజాల మీదే బతుకుతున్నాయి. వాడిన నీళ్లను శుభ్రం చేసి ఇచ్చే కేంద్రం దగ్గర సంచులు నింపుకుని, వీపుకు కట్టుకుని, తెల్లవారేలోగా పార్కుకు పరుగెత్తాలి. జట్టులో ఎవరైనా మిగతావాళ్లకంటే బాగా వెనకబడితే, చేతికి కట్టిన పట్టీ అది కనిపెట్టి వాళ్లను కూర్చునే జట్టుకు మార్చేస్తుంది. అక్కడ మొక్కల్ని తెర మీద చూడడమే పని.

మోకాలి నొప్పితో రోజూ వెనకబడుతున్న భానోజీరావుకు ఈ ఉదయమే ఆఖరి అవకాశం. పోయిన భార్య సరళ నాటిన నందివర్ధనం ఆ పార్కులోనే ఉంది.

"బాబాయిగారూ, ఇయాల మీరు ముందుండండి," అంది జట్టు నాయకురాలు పైడితల్లి.

"నన్ను ముందు పెడితే ఎండెక్కాకే చేరతామమ్మా."

"అయితే ఏటి? మొక్కలు పారిపోతాయేటి? పదండి!"

ఆయన పరుగందుకున్నాడు. ఎవరూ దాటిపోలేదు. వెనక అడుగుల చప్పుడు, కబుర్లు, నవ్వులు. మోకాలు బాగుపడిందనే అనుకున్నాడు. పార్కు గేటు దగ్గర పట్టీ పచ్చగా వెలిగి, వెనకబడినవారు ఎవరూ లేరని చెప్పింది.

తడిసిన చొక్కా పిండుకుంటూ ఆయన సంబరంగా వెనక్కి తిరిగాడు. ఒక్కరికీ ఆయాసం లేదు. ఒక్కరి నుదుటా చెమట లేదు.

పైడితల్లి చటుక్కున సంచీలోని నీళ్లు దోసిట్లోకి వొంపుకుని మొహాన చల్లుకుంది.

"అమ్మో! ఏం పరిగెట్టించీసారు బాబాయిగారూ!"

"రేపు కాస్త మెల్లగా పరిగెడతాలేమ్మా," అన్నాడు భానోజీరావు, కళ్లు తుడుచుకుంటూ.