ఇంట్లోనే పురుడు

మధ్యాహ్నానికి నొప్పులు అందుకున్నాయి. ఆమె మంచం పట్టె పట్టుకుని నేలమీద మోకాళ్లూనింది. మంత్రసాని వెనక కూర్చుని నడుము నిమురుతోంది.

"ఆస్పత్రికి వెళ్దామా తల్లీ? ఇప్పటికైనా మించిపోయిందేం లేదు."

"వద్దు పిన్నీ. పోయినసారి మత్తిచ్చారు. నేను కళ్లు తెరిచేసరికి బిడ్డ పోయిందన్నారు, పూడ్చేశామన్నారు. మొహమైనా చూడలేదు. ఈసారి నా కళ్లతో చూసుకోవాలి."

"సరే. తొందరేం లేదు. నొప్పి వచ్చినప్పుడే ముక్కు."

గోడమీద ఎండ దిగకముందే బిడ్డ మంత్రసాని చేతుల్లోకి జారింది. మంత్రసాని బొడ్డు కోసి, గోరువెచ్చని నీళ్లతో తుడిచి, తల్లి గుండెలమీద పడుకోబెట్టింది.

"ఆడపిల్ల."

తల్లి ఆ చేతివేళ్లను ఒక్కొక్కటే విప్పి చూసింది. తడి జుట్టు సవరించింది. "ముక్కు అచ్చం వాళ్ల నాన్నదే పిన్నీ," అంటూ చాన్నాళ్లకి నవ్వింది.

బిడ్డ ఏడవలేదు. ఏడవదని ఇద్దరికీ ముందే తెలుసు. కడుపులోనే గుండె ఆగిపోయిందని డాక్టరు నిన్ననే చెప్పాడు.

చాలాసేపటికి మంత్రసాని చేతులు చాచింది. "ఇక ఇలా ఇవ్వు తల్లీ."

"కాసేపుండు పిన్నీ. ఇద్దరు బిడ్డల తల్లిని. ఒక్కదాన్నయినా తనివితీరా ఎత్తుకోనీ."