చెక్క గోడ

దర్జీ కుట్టుమిషను మీద ఇంజనీరమ్మ ప్లాను పరిచింది.

"ఈ పాత కొట్లన్నీ తీసేసి కింద షాపులు, పైన ఫ్లాట్లు కడతాం. మీ ఇద్దరికీ పక్కపక్కనే ఇచ్చాం. మధ్యలో ఈ చెక్కలుండవు, ఇటుక గోడ వస్తుంది. అటు బాంబు పేలినా ఇటు వినపడదు."

"హమ్మయ్య! మా బావ రేడియో గోల వదిలింది," అన్నాడు పక్క కొట్లో వాచీలు బాగుచేసే బావమరిది. కాసేపు ప్లాను చూశాడు. "అవునమ్మా, అస్సలు వినపడదా? మధ్యాహ్నం వచ్చే పాత పాటలు కూడానా?"

దర్జీ సూదిలో దారం ఎక్కించడం ఆపాడు. "ఓరి నీ అసాధ్యం కూలా! రోజూ నన్ను తిడుతూనే వింటున్నావన్నమాట!"

"చెవులకి మూతలుండవుగా!"

"నాకసలు పాటలంటేనే పడవురా. వార్తల కోసం పెట్టేవాణ్ణి. ఒకరోజు రేడియో పెట్టకపోతే చెక్క మీద దబదబా బాది, 'బావా, ఉన్నావా?' అని అరిచావు. నీ గొంతు వణికింది. అప్పట్నుంచి ఆపలేదు."

బావమరిది ప్లానులో రెండు కొట్ల మధ్య గీత మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ చెక్కే వేయండమ్మా. మరీ మందంగా వద్దు," అన్నాడు. "అసలే ఈయన సౌండు తగ్గించి పెడతాడు."