అమ్మాయి పేరున్న డబ్బా

"మీ అమ్మాయికి టీబీ ఉంది తాతా," అంది నర్సమ్మ గుమ్మంలోనే నిలబడి.

అమ్మాయి గోడకు ఆనుకుని అలాగే కూలబడింది. పసిపిల్లల బడిలో వంట చేస్తుంది అది. ఈ సంగతి తెలిస్తే పనిలోంచి తీసేస్తారని దాని బెంగ. నెలరోజులుగా దగ్గుతుంటే కఫం పట్టి ఇమ్మని, దాని పేరు రాసిన డబ్బా ఇచ్చింది నర్సమ్మే.

నిజం చెప్పేశాను. "అది నా కఫం తల్లీ. దాని పరీక్ష ఎలా వస్తుందోనని భయపడి దాని కఫం పారబోసి, ఆ డబ్బాలో నాది పట్టి ఇచ్చాను. నాది ముసలి దగ్గే కదా."

"ముసలి దగ్గని ఒకటుంటుందా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అని నర్సమ్మ ఈసారి తన కళ్ళెదుటే అమ్మాయి చేత కఫం పట్టించుకుని వెళ్ళింది.

ఫలితం వచ్చేదాకా ఆ రెండు రోజులూ ఏం తిన్నానో, అసలు తిన్నానో లేదో నాకు తెలియదు.

అమ్మాయికి ఏమీ లేదట! జబ్బు నాదేనట, అచ్చంగా నా ఒక్కడిదే. నా అంత అదృష్టవంతుడైన తండ్రి ఉంటాడా ఎక్కడైనా? ఆరు నెలలు మందులు వాడితే నాకూ నయమవుతుందట.

అమ్మాయికి మాత్రం ఆ డబ్బా సంగతి మీద కోపం తగ్గలేదు. రోజూ పొద్దున్నే మాత్రలు చేతిలో పెట్టి ఎదురుగా కూర్చుంటుంది. మింగానన్నా నమ్మదు.

"నోరు తెరువు నాన్నా," అని నాలుక కింద కూడా వెతుకుతుంది.