పర్మినెంటు

"మీ అమ్మాయి పాసైందమ్మా" అంది టీచరు, లాండ్రీ గుమ్మంలోంచే.

లోపలంతా ఆవిరి. పెద్ద మిషన్ల మోత. తల్లికి వినిపించలేదు. టీచరు తడి నేల మీద కొంగలా ఒక్కో అడుగే వేసుకుంటూ లోపలికొచ్చి మళ్లీ చెప్పింది.

తల్లీకూతుళ్లు అప్పుడు ఆసుపత్రి దుప్పటి మడతపెడుతున్నారు. దుప్పటి మడతకు ఇద్దరు కావాలి. చెరో కొస పట్టుకుని బిగలాగి, ఒక్క దులుపు దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి కొసలు కలపాలి. వేడి వేడి దుప్పటి గాలికి ఉబ్బి కిందికి దిగుతుంటే సబ్బు వాసన మొహానికి తగులుతుంది. తల్లికి జోడీగా ఉండే ముసలామెకు భుజం పట్టేసింది, సరిగా పనిలోకి రావడం లేదు. అన్నం క్యారియరు ఇవ్వడానికొచ్చిన కూతురు ఆ కాసేపటికి రెండో కొస పట్టుకుంది.

ఆ కొస ఇప్పుడు ఆ పిల్ల చేతుల్లోంచి జారి నేల మీద పడింది.

"చూశారా, సంతోషంతో దానికి చేతులాడ్డం లేదు" అంది తల్లి.

సంతోషం కాక మరేమిటి. అయిదో తరగతి ఆ పిల్లకిది మూడోసారి. బళ్లో అందరూ పర్మినెంటు అని పిలుస్తారు. తోటివాళ్లు ఎప్పుడో దాటిపోయారు, పర్మినెంటు మాత్రం కిటికీ పక్క బల్ల మీదే ఉండిపోయింది. ఈలోగా చెల్లెలు మూడో తరగతి దాకా వచ్చేసింది. చెల్లెలు ఎక్కాలు గడగడా అప్పజెబుతుంది, అక్క ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పినవే అన్నీ. ఇంకొంచెం ఓపిక పడితే అక్కాచెల్లెళ్లు ఒకే బల్ల మీద కూర్చోవచ్చని వీధి మలుపులో దర్జీ నవ్వేవాడు. పర్మినెంటూ నవ్వేది.

బడంటే ఇష్టం లేక కాదు. తాళం తీయకముందే వెళ్లి మెట్ల మీద కూర్చునేది. సెలవొస్తే ఏమీ తోచేది కాదు. బడి బీరువాలో ఉన్న కథల పుస్తకాలన్నీ చదివేసి, అట్టలు ఊడినవాటికి పాత క్యాలెండరు కాగితాలు అంటించింది. చదవడంలో, రాయడంలో వంక పెట్టడానికి లేదు. తంటా అంతా లెక్కలతోనే.

"మీ దగ్గర దాపరికం దేనికి, ఈసారీ తప్పేనమ్మా" అంది టీచరు తల్లి చెవి దగ్గరికి వంగి. "కానీ చూస్తే జాలేసింది. ఏడెనిమిదులు యాభై ఏడంటుంది. తొమ్మిదారులు యాభై అయిదంటుంది. ఏ లెక్కా అడ్డదిడ్డంగా పోదు, గడప దాకా వచ్చి కాలు తట్టుకున్నట్టు ఒక్కదాంతో పోతుంది. ఇంకా ఎన్నాళ్లు కూర్చోబెడతాను చెప్పండి. నేనే మార్కులు కలిపేశాను."

తల్లి ఆమె రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. టీచరుకూ కళ్లు చెమర్చాయి. ఇక్కడ అయిదు దాకానే కదా, పై బడి సంగతి కూడా ఆలోచించండి అని చెప్పి, మళ్లీ కొంగలా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

పర్మినెంటు కింద పడ్డ కొస ఎత్తి, తడి అంటిన చోటు చూసింది.

"మళ్లీ ఉతకాలి" అంది.

సాయంత్రం తండ్రి వచ్చేసరికి కబురు వీధంతా పాకింది. బస్టాండులో పొద్దుటి నుంచీ మూటలు మోసిన మనిషి, ఒళ్లు నొప్పులు మరిచిపోయి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. ఒక చేతిలో క్రీము బన్నులు, చంకలో ఇంకో పొట్లం. పర్మినెంటు రిటైరైందటగా అని దర్జీ తలుపు దగ్గరికొచ్చి, తన వాటా బన్ను తిని పోయాడు. చెల్లెలు ముక్కుకి క్రీము పూసుకుంది. తల్లి పకపకా నవ్వింది. ఆ ఒక్క గదిలో అందరూ అంత నవ్వి చాలాకాలమైంది.

పర్మినెంటు బన్ను కొరికింది. నమిలింది. తీపి తెలియలేదు. కొరికిన చోటు కాసేపు చూసి, మిగతాది చెల్లెలికి ఇచ్చేసింది.

పొట్లంలో రబ్బరు చెప్పులున్నాయి. నీలం రంగువి.

"వేసుకుని చూడు తల్లీ. అడుగున గరుకుగా ఉంది, తడి నేల మీద కూడా జారవు" అన్నాడు తండ్రి.

వేసుకుంది. సరిగ్గా సరిపోయాయి. బాగున్నాయి అంది.

పై బడి గురించి టీచరు అన్న మాట తల్లి మెల్లగా కదిపింది. అది ఊరికి అటు చివర, రెండు బస్సులు మారాలి, ఆడపిల్లని ఒంటరిగా ఎలా పంపుతామన్నాడు తండ్రి. కోపంగా కాదు, చాలాకాలం క్రితమే తేల్చుకున్న విషయం చెప్పినట్టు.

"నాకు సంతకం కూడా రాదు. నా కూతురు అయిదు పాసయ్యేదాకా చదవాల్సిందేనని ఇది పుట్టిన రోజే అనుకున్నాను. రెండుసార్లు తప్పింది, మాన్పించెయ్యమని ఎంతమంది చెప్పలేదు? మాన్పించానా? అన్న మాట నిలబెట్టుకున్నాను, ఇప్పుడు నా గుండె నిండిపోయింది" అన్నాడు.

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. పర్మినెంటు చెప్పుల వైపు చూస్తూ ఉంది.

"ముసలామె మానేస్తోందట. సూపర్‌వైజరుతో మాట్లాడేశాను" అంది తల్లి, కూతురి జడ వెనక్కి సర్దుతూ. "దుప్పటి రెండో కొస ఇక నీదే. రేపు పొద్దున్నే లేపుతాను, ఇద్దరం కలిసే పోదాం."

పర్మినెంటు తలూపింది.

చెల్లెలు మెల్లగా దగ్గరికి జరిగి, క్రీము మూతి అక్క చెవికి ఆనించి అడిగింది.

"అక్కా, ఈసారి జవాబులకి ఒకటి కలపడం మరిచిపోయావా?"