ఇనప టబ్బు

కోలిన్ చేతిలో ఒక టార్చి, నెత్తిన ఒక పరుపు, జేబులో సగం బిస్కట్ ప్యాకెట్టు. ఆ పూటకి అక్కరకొచ్చే ఆస్తి అంతే.

అతను మెట్లు దిగుతుండగానే పైకప్పు రేకొకటి ఊడి వీధి దాటి ఎగిరిపోయింది. కింది ఫ్లాటు తలుపు దబదబా బాదాడు.

థెల్మా తీసింది. ఎనభై దాటిన మనిషి. తలకి సైకిల్ హెల్మెట్ పెట్టుకుని ఉంది.

"మీ బాత్రూములో నాకు చోటుందాండీ?"

"నీకు షవరుందిగా! కొత్తది, గాజు తలుపుది."

"ఆ గాజే పగిలింది."

"అందరూ పొద్దున్నే షెల్టరుకి పోయారు. నువ్వు పోలేదేం?"

"వదిలిపోబుద్ధి కాలేదు."

"ఏడ్చినట్టే ఉంది. రా."

బాత్రూములో పాత ఇనప స్నానాల టబ్బు నిండా నీళ్ళు. తుపాను వస్తుందంటే ఈ ఇన్నిస్‌ఫెయిల్ ఊళ్ళో అందరూ అలా పట్టి ఉంచుకుంటారు. కుళాయి ఆగిపోతే అవే దిక్కు. కోలిన్ దాక్కుందామని వచ్చింది ఆ టబ్బులోనే.

"నిలబడి చూస్తావేం? రెండు బకెట్లు తోడి పక్కన పెట్టు. రేపు టీ కావాలిగా. మిగతావి వదిలెయ్."

నీళ్ళు దిగుతున్నంతసేపూ గోడ ఊగుతూనే ఉంది. అడుగు తడిగా ఉండగానే ఇద్దరూ అందులో దూరి పరుపు కప్పుకున్నారు.

"ఈ టబ్బు కూడా పీకేసి షవరు పెడతానన్నాడు ఇంటి ఓనరు. గుర్తుందా?" అంది థెల్మా చీకట్లో.

"ఆయన లెక్క ఆయనకుంటుంది కదండీ. షవరైతే జాగా కలిసొస్తుంది. కడగడం సులువు. పైగా మీ వయసులో ఈ గట్టు దాటబోయి పడితే?"

"పడ్డానా?"

"లేదు."

"వాడి లెక్కలో గాలి లేదు. అదీ సంగతి."

అప్పుడే పై అంతస్తుతో సహా కప్పు మొత్తం లేచిపోయింది. వాన నేరుగా పరుపు మీద కొట్టింది. ఏదో బరువైనది వచ్చి పడి టబ్బు గంటలా మోగింది. కోలిన్ కెవ్వున అరిచి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"బతికి బయటపడితే ఈ టబ్బునేం చేస్తాడంటావ్?" థెల్మా అతని చెవిలో అరిచింది.

"ముట్టుకోడు!"

"ఒట్టు?"

"మా అమ్మ మీద ఒట్టు!"

"పై ఫ్లాట్లకో?"

"ఇనప టబ్బులే పెట్టిస్తాడు! అన్నిటికీ!"

"ఇప్పుడు దారికొచ్చావు," అంది థెల్మా.

సాయంత్రానికి గాలి చచ్చింది. నారింజ దుస్తుల సహాయకులు చెక్కలూ రేకులూ తొక్కుకుంటూ వచ్చారు. భవనం మొత్తంలో నిలిచింది ఆ చిన్న గది గోడలే. వాళ్ళు పరుపు లేపి చూశారు.

"ఇద్దరూ క్షేమమేనా? అమ్మయ్య! ఇంటి యజమానికి కబురు చెయ్యాలి. ఎక్కడుంటాడు?"

థెల్మా హెల్మెట్ పట్టీ విప్పుకుంటోంది.

టబ్బులోంచి చెయ్యొకటి పైకి లేచింది: "నేనే... నాకు మిగిలింది ఈ టబ్బొక్కటే, అదీ ఇక ఆవిడదే," అన్నాడు కోలిన్.