కదలని ముల్లు

ఎత్తు చూపించే ముల్లు కదలడం లేదు. విమానం నేల విడిచి మూడు నిమిషాలైంది. కింద పైన్ చెట్లు కొత్తిమీర కట్టలంతయ్యాయి. ముల్లు మాత్రం ఇంకా రన్‌వే మీదే ఉన్నామంటోంది. విమానం నడుపుతున్న వేద ఆ ముల్లు మీది గాజును వేలితో రెండుసార్లు కొట్టి చూసింది.

"ఏమైందే?" అని అడిగింది పక్క సీట్లో ఉన్న తల్లి దమయంతి.

"నథింగ్ అమ్మా. ఒక్క నిమిషం మాట్లాడకు."

కూతురు నథింగ్ అన్నదంటే ఏదో ఉన్నట్టేనని దమయంతికి ఇరవై నాలుగేళ్లుగా తెలుసు.

అంతలో స్పీడ్ చూపించే ముల్లు కిందికి జారసాగింది. తొంభై, ఎనభై, డెబ్బై. ఇంజన్ మోత మాత్రం ఏమీ మారలేదు. వేద చప్పున విమానం ముక్కు కిందికి దించింది. ముందు అద్దం నిండా సముద్రపు నీళ్లు లేచి వచ్చాయి. దమయంతి కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచేసరికి విమానం తిన్నగా పోతోంది. కూతురి మెడ మీద చెమట కనిపించింది.

వెనక్కి తిరగడానికి లేదు. వాళ్లు ఇప్పుడే బయలుదేరిన చిన్న ఎయిర్‌పోర్టును పక్కనున్న ఏటి మీంచి పాకిన పొగమంచు కప్పేసింది. ముందు ఇరవై నిమిషాల దూరంలో వాళ్లు పిక్నిక్‌కి పోతున్న ద్వీపం ఉంది. అక్కడ ఆకాశం తేటగా ఉంది. మధ్యలో ఉన్నదంతా నీళ్లే.

వేద నెమ్మదిగా వివరించింది. స్పీడ్ బాగా తగ్గితే రెక్కలు మోయలేవు, విమానం పడిపోతుంది. ఎక్కువైతే ద్వీపం మీది పొట్టి రన్‌వే చాలదు. దాని చివర ఇసుక, ఇసుక తర్వాత సముద్రం. ఈ ముళ్లను ఇక నమ్మడానికి లేదు. పొద్దున్న వాళ్లుండే మోరిస్‌విల్ నుంచి బయలుదేరి తీరం దగ్గరి ఆ చిన్న ఎయిర్‌పోర్టులో ఆగేదాకా అన్నీ బాగానే పనిచేశాయి. ఆగాక తను విమానం చుట్టూ తిరిగి ప్రతిదీ చెక్ చేసింది. ఆ తర్వాత రెస్ట్‌రూమ్‌కి వెళ్లొచ్చింది, అంతే. ఐదు నిమిషాల్లో ఏం పాడయిందో ఆమెకు తెలియడం లేదు.

దమయంతి చెయ్యి ఒళ్లోని హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయి ఆంజనేయస్వామి సింధూరం డబ్బీని పట్టుకుంది. పొద్దున్న ఇంట్లో ఆ సింధూరమే కూతురి నుదుట పెట్టింది. ఫ్లయింగ్ క్లబ్‌లో నవ్వుతారని వేద కారులోనే తుడిచేసుకుంది. మోరిస్‌విల్ నుంచి బయలుదేరిన మొదటి అరగంటలో విమానం రెండుసార్లు కుదిపినప్పుడే దమయంతి మనసు కీడు శంకించింది. ఫోన్ చేసి చెప్పడానికి కూడా ఎవరూ లేరు. ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఆ ఇద్దరూ ఇక్కడే ఉన్నారు.

"నువ్వు రెస్ట్‌రూమ్‌కి వెళ్లినప్పుడు నేను చెయ్యాల్సింది చేశాను," అంది దమయంతి. "మనకేం కాదు."

"గుడ్. ఇప్పుడు ఇంకో పని చెయ్యి," అంటూ వేద తన ఫోన్ ఇచ్చింది. అందులో స్పీడ్ పెద్ద అంకెల్లో కనిపిస్తోంది. గాలి లేదు కాబట్టి ఫోన్ చెప్పేది దాదాపు నిజమే అవుతుందట. "నేను రన్‌వే మీంచి కళ్లు తీయలేను. నువ్వు పైకి చదువుతూ ఉండు. ఏమైనా సరే, ఆపొద్దు. ఫిఫ్టీ వస్తే గట్టిగా అరువు."

ద్వీపం ముందు ఒక గీతలా కనిపించింది. తర్వాత ఇసుక, గడ్డి, వాటి మధ్య బూడిదరంగు రిబ్బన్ ముక్కంత రన్‌వే. వేద ఇంజన్ తగ్గించింది.

"డెబ్బై ఎనిమిది," అని మొదలుపెట్టింది దమయంతి. "డెబ్బై ఆరు."

"ఇంగ్లీష్‌లో చెప్పమ్మా. తెలుగు నంబర్స్ నాకు ఇరవై వరకే వచ్చు."

"ఆదివారం తెలుగు క్లాసుకి పొమ్మంటే కడుపునొప్పి అనేదానివి. సెవెంటీ ఫోర్. సెవెంటీ."

ఇసుక దిబ్బలు పైకి లేస్తున్నాయి. సిక్స్‌టీ సిక్స్. సిక్స్‌టీ త్రీ. విమానం ఒక పక్కకు ఒరిగి మళ్లీ సర్దుకుంది. ఫిఫ్టీ ఎయిట్. అంకె మారింది గాని దమయంతి నోట మాట రాలేదు.

"అమ్మా," అంది వేద, చాలా మెల్లగా.

"ఫిఫ్టీ త్రీ."

ఇంజన్ ఒక్కసారి గర్జించింది. చక్రాలు నేలను తాకి, ఎగిరి, మళ్లీ తాకాయి. ఇసుక దగ్గరకొస్తూనే ఉంది. బ్రేకులు కీచుమన్నాయి. రన్‌వే చివర ఇంకా కారు పట్టేంత చోటు ఉండగా విమానం ఆగింది. వేద ఇంజన్ ఆపేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"జీరో," అంది దమయంతి, ఫోన్‌లోకే చూస్తూ. "జీరో. జీరో."

వేద ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

కిందికి దిగాక వేద రఘువీర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు విమానం నేర్పడం ఆయన పని. వేదకు నేర్పింది ఆయనే. జరిగిందంతా ఆయన విన్నాడు.

"ఎడమ డోర్‌కి కాస్త ముందు, క్వార్టర్ డాలర్ కాయినంత గుండ్రటి ప్లేట్ ఉంటుంది కదా," అన్నాడు. "మధ్యలో సూది మొనంత హోల్. బయటి గాలి అందులోంచే ఆ ముళ్లకి అందాలి. అది మూసుకుపోయిందేమో చూడు."

వేద ఎడమ వైపుకు నడిచింది. దమయంతి సముద్రం వైపు తిరిగి చేతులు జోడించింది.

"స్వామి దయ. నేను చెయ్యాల్సింది చేశాను కాబట్టి బతికాం," అంది. "లేకపోతే ఈపాటికి ఏమయ్యేవాళ్లమో."

వేద తలుపు ముందు వంగి చూసింది. చాలాసేపు అలాగే ఉంది. గోటితో ఏదో గీకింది. బొటనవేలితో రుద్దింది. మళ్లీ రుద్దింది.

"ఏముంది వేదా?" అన్నాడు రఘువీర్.

"పురుగు దూరింది అంకుల్," అంది వేద, తల్లి వైపు తిరగకుండా, బొటనవేలికి అంటిన సింధూరాన్ని జీన్స్‌కు తుడుచుకుంటూ.