సలపని మోకాలు

“మోకాలు సలపట్లేదురా అబ్బాయ్! తుఫాను వస్తే నాకెలా తెలుస్తుంది?” అంది వీరాయమ్మ, కొడుకు పడవకి అడ్డంగా నిలబడి.

“నొప్పి పోవాలనేగా అమలాపురం తీసుకెళ్ళి సూదిమందు వేయించేను?” అన్నాడు ఆనందరావు, వల సర్దుకుంటూ.

“నొప్పి పోతే నా రేడియో మూగబోయినట్టేరా! గాలీ వానా కబురు అదేగా ముందు చెప్పేది.”

సముద్రం పొంగి చల్లారిన పాలలా ఉంది. వేటకి బయల్దేరిన పడవలు ఒక్కొక్కటే మంచులో కరిగిపోతున్నాయి.

వీరాయమ్మ మోకాలు నొక్కి చూసుకుంది. గిల్లుకుంది. ఉలుకూ పలుకూ లేదు. దిక్కుతోచక ఇసుకలో కూలబడి కళ్ళు మూసుకుంది.

మోకాలు, చేతులు, దడదడలాడే గుండె, అన్నీ ఒడ్డు వదిలిన పడవల్లా మెల్లగా దూరం జరిగిపోయాయి. అలల చప్పుడు కూడా ఆగిపోయింది. అంత నిశ్శబ్దంలో, పక్కనే నిలబడ్డ కొడుకు ఆ పడవలన్నిటికంటే దూరంగా ఉన్నట్టనిపించింది.

ఉలిక్కిపడి లేచింది.

“వెళ్ళకురా.”

“తుఫానా?”

“కాదు.”

“మరి?”

“తెలీదు. వెళ్ళకు, అంతే.” పడవెక్కి కూర్చుంది.

ఒడ్డున గంపలు సర్దుతున్న మంగాయమ్మ పకపకా నవ్వింది. “మోకాలు ఊరుకుంటే మోచెయ్యి అందుకుందాండీ వదినగారూ?”

వీరాయమ్మ పొద్దెక్కేదాకా పడవ దిగలేదు. ఆనందరావు విసిగి ఇసుకలో చతికిలబడ్డాడు.

ఆకాశంలో దూదిపింజంత మబ్బయినా లేదు. సాయంత్రానికి పడవలన్నీ నిండుగా తిరిగొచ్చాయి.

“ఆయ్, ఒక్క చినుకైనా పడలేదండి! బంగారంలాంటి వేట చెడగొట్టేరు,” అంటూ మంగాయమ్మ చేపల గంపతో వెళ్ళిపోయింది.

వీరాయమ్మ సిగ్గుతో తల దించుకుని ఇంటికొచ్చింది. పొద్దున కట్టిన చద్దిమూట గూట్లో పెట్టింది పెట్టినట్టే ఉంది.

వేడన్నం వడ్డించి కొడుకు ఎదురుగా కూర్చుంది. “అనవసరంగా ఆపేను కదూ? పోన్లే, వెళ్ళినా ఆకలితో మాడేవాడివి. చద్ది మర్చిపోయావు.”

ఆనందరావు కంచంలోకి చూస్తూ ఉండిపోయాడు. అన్నం మీద ఆవిరి ఆరిపోయింది. ముద్ద కలుపుతూ అన్నాడు:

“మర్చిపోలేదమ్మా. తిరిగి రాకూడదనుకున్నాను.”